పనస మలుపులో ఆగే లారీలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోనూ, చేపల వ్యాన్ల దగ్గరా, కొండ మీద సంతల్లోనూ అందరూ అంటారు. ఎక్కువే. పచ్చి చేపల వ్యాపారంలో మెత్తగా మాట్లాడితే ఐసు కరిగేలోగా మనల్నే అమ్మేస్తారు. కానీ ఆ రోజు ఘాటీ దిగుతుండగా ముందు బ్రేకు లివరు నొక్కితే, అది అడ్డూ ఆపూ లేకుండా వచ్చి హేండిల్‌కి ఆనుకుపోయినప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు. ఒళ్ళంతా చల్లబడిపోయింది. వెనక బ్రేకు తొక్కాను, అదీ అంతంత మాత్రమే పట్టింది. ఎదురుగా మలుపు, మలుపు అవతల లోయ. వెనక ఖాళీ చేపల పెట్టె మీద కట్టిన అల్లం బస్తా నన్ను ముందుకే నెడుతోంది. కొండ వైపున రోడ్డు పనివాళ్ళు పోసిన కంకర కుప్ప కనిపిస్తే బండిని దాంట్లోకి తోలేశాను.

బండి ఆగింది, నేను ఆగలేదు. మోకాలు చీరుకుపోయింది, మణికట్టు వాచింది, అల్లం రోడ్డంతా దొర్లింది. వెనకాలే వస్తున్న లారీ ఆపి డ్రైవరు ధనరాజ్ దిగాడు. నన్ను లేవదీసి, అల్లం ఏరి, క్లీనరుతో కలిసి నా బండిని లారీలోకి ఎక్కించాడు. ధనరాజ్ ఒకప్పుడు మా మామ దగ్గర క్లీనరుగా పని నేర్చుకున్నవాడే. బ్రేకు ఎందుకలా చేతులెత్తేసిందో అని దారి పొడుగునా నేను అడుగుతూనే ఉన్నాను. అతను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు తప్ప ఒక్క ముక్క పలకలేదు. పైగా ఘాటీ అడుగుకి కాస్త పైనున్న పనస మలుపు దగ్గర లారీ ఆపేసి, బీడీ ముట్టించి, చక్రాల చుట్టూ తిరిగి, చాలాసేపటికి గానీ కదల్లేదు. పక్కన మనిషి మోకాలు కారుతుంటే ఈయనకి బీడీ కావలసి వచ్చిందా అని నాకు అప్పుడు మండింది.

ఘాటీ అడుగున రోడ్డు పక్కనే ఒక బోరింగు ఉంది. దాని పక్కన సిమెంటు దిమ్మ మీద మా మామ జగన్నాధం కూర్చుని ఉంటాడు, బకెట్టుతో. కొండ దిగి వచ్చిన ప్రతి లారీ అక్కడ ఆగుతుంది. ఆయన బోరింగు కొట్టి, బకెట్టు నింపి, చక్రాల మీద నీళ్ళు పోస్తాడు. ఎవరినీ ఏమీ అడగడు. డ్రైవర్లు దండం పెట్టి, ఒక మాట పలకరించి పోతారు. సాలూరులో ఈ సంగతి తెలియని లారీ మనిషి లేడు.

ఎందుకు పోస్తాడో కూడా అందరికీ తెలుసు. ఆయనది కళింగపట్నం పక్క, మా పుట్టింటి వాళ్ళలాగే సముద్రం మనుషులు. కుర్రతనంలోనే సాలూరు వచ్చి క్లీనరై, డ్రైవరై, ఆ ఘాటీ మీదే జుట్టు నెరిసేదాకా తోలాడు. పెద్ద కొడుకు శివాజీకీ ఆ పనే నేర్పాడు. ఒక రోజు తండ్రీ కొడుకులు రెండు లారీలతో ముందూ వెనకా దిగుతున్నారు. సగం దూరంలో గెడ్డ దగ్గర ఆగి, కొడుకు లారీ బ్రేకు డ్రమ్ములు కాగిపోయాయని ఈయనే నీళ్ళు మోసి పోశాడు. పోసి, ముందు నువ్వు పద అన్నాడు. రెండు మలుపులు దిగేసరికి శివాజీ లారీకి బ్రేకు పోయింది. ఇంకో బకెట్టు పోసుంటే నా కొడుకు బతికేవాడు అని ఆయన ఆనాటి నుంచీ అంటూనే ఉన్నాడు. తోలడం మానేశాడు, బోరింగు దగ్గర కూర్చున్నాడు. నేను రెండో కొడుకు కొండబాబుని చేసుకుని ఈ ఇంటికి వచ్చేసరికే ఆ బకెట్టు అక్కడ ఉంది.

మా ఆయన కూడా లారీ మీదే వెళ్తాడు, కానీ ఆయన లైను ఈ ఘాటీ కాదు, దూరపు ఊళ్ళు. వెళ్తే వారం, పది రోజులు రాడు. అందుకని చేపల పని నాది. తెల్లారి భోగాపురం వైపు నుంచి వచ్చే వ్యాన్ల దగ్గర సరుకు తీసుకుని, పెట్టెలో ఐసు కొట్టి, బండి మీద ఘాటీ ఎక్కి ఒడిశా సంతల్లో అమ్ముతాను. దిగేటప్పుడు అల్లమో, పసుపో, చింతపండో వేసుకొస్తాను. అంటే ఎక్కేటప్పుడూ బరువే, దిగేటప్పుడూ బరువే. నేను దిగి రాగానే మా మామ బకెట్టు తీసుకుని లేస్తాడు. ముందు చక్రం డిస్కు మీద నీళ్ళు పడగానే బుస్సుమని ఆవిరి లేచేది. ఆయన తల అడ్డంగా ఆడించేవాడు. ఆ నీళ్ళు పొయ్యడం నాకు అభిమానంగానే తోచేది. సముద్రం పక్కన పుట్టినదాన్ని, ఇనుము సంగతి నాకేం తెలుసు. ఘాటీ మీద బతికిన పెద్దాయన పోస్తున్నాడంటే మంచికే అనుకున్నాను.

ఆ రోజు ఇంటికి చేరి మోకాలికి కట్టు కట్టించుకుని కూర్చున్నాక ఇంట్లో తీర్పు చెప్పారు. మా అత్త కూర్మమ్మ, ఆడదానికి ఘాటీ ఎందుకు అంది. ఫోనులో మా ఆయన, రెండో గేరులో దిగమని ఎన్నిసార్లు చెప్పాను అన్నాడు. నేను రెండో గేరులోనే దిగాను. ఆ మాట ఎవరూ వినలేదు. ఆఖర్న మా మామ అన్న మాట నా గుండెల్లో గుచ్చుకుంది.

"ఇన్నేసి టన్నులేసుకోని దిగిన లారీల డ్రమ్ములు సల్లగా ఉంటన్నాయి. నీలు పోస్తే ఉలకవు, పలకవు. ఇంత బండి, దీని డిస్కే బుస్సుమంటంది. బ్రేకు మీద ఏలేసుకోని కూకుంటాది, అలగే దిగుతాది. నాను రోజూ సూస్తన్నాను."

ఆయన చూస్తున్నది నిజమే. లారీల చక్రాల మీద నీళ్ళు పడితే ఆవిరి రాదు, నా చక్రం మీద పడితేనే వస్తుంది. ఇన్నేళ్ళుగా అదే ఘాటీ దిగుతున్నాను, ఒక్క గొడ్డుని గుద్దలేదు, ఒక్క మనిషిని తాకలేదు. అయినా నా చక్రం నా మీద సాక్ష్యం చెబుతోంది. ఆ రాత్రి నాకు మోకాలు నొప్పి కంటే అదే ఎక్కువ బాధించింది.

మెకానిక్ ఉమాశంకర్ షెడ్డు బైపాసు దగ్గర. అంతకు ముందే రెండు డిస్కులు మార్చాడు. రెండూ వంగిపోయాయి. వంగిన డిస్కు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. లివరు పట్టుకుంటే వేలి కింద నాడిలా కొట్టుకుంటుంది. చక్రం చేత్తో తిప్పితే ఒక చోటికి రాగానే షిర్రుమని రాసుకుంటుంది. అలా రాసుకుంటూనే తిరుగుతుంది కాబట్టి బ్రేకు పట్టకపోయినా వేడెక్కుతుంది. ఎక్కీ ఎక్కీ లోపల బ్రేకు ఆయిలు మరుగుతుంది. మరిగిన ఆయిలుకి తొయ్యడానికి బలం ఉండదు, అందుకే లివరు చచ్చుపడిపోయింది. ఇదంతా ఉమాశంకరే చెప్పాడు. చెప్పి, ఇదే డిస్కు మళ్ళీ వేస్తే మళ్ళీ ఇదే కథ అన్నాడు.

"అయితే ఇది కాకుండా ఏటుందో అదెయ్యి," అన్నాను.

బండితో వచ్చిన డిస్కు చిన్నది, పల్చనిది. బ్రేకు పట్టినప్పుడల్లా బండి జోరంతా వేడిగా మారి ఆ రేకులోకే పోతుందట. రేకు చిన్నదైతే ఆ వేడి నిలవడానికి చోటు చాలదు. దానికి బదులు పెద్దది, దళసరిది, గాలి ఆడటానికి కన్నాలున్నది వేద్దామన్నాడు. అందులో మధ్య భాగం వేరు, అంచు వేరు. రెండింటినీ బొత్తాల్లాంటి పిన్నులతో కలుపుతారు, అంచు వేడికి పెరిగినా వంగకుండా తన చోటులో తను కాస్త కదులుతుంది. దానికి తగ్గట్టు, డిస్కుని నొక్కి పట్టే కాలిపరుని బిగించే పట్టీ మార్చాలి. ఆయిలు పోయే రబ్బరు గొట్టం తీసేసి స్టీలు అల్లిక గొట్టం వెయ్యాలి. వేడికి తట్టుకునే కొత్త ఆయిలు పొయ్యాలి. విశాఖపట్నం నుంచి తెప్పించి బిగించాడు.

అది చూసి మా ఆయన, కుర్రాళ్ళ షోకు నీకెందుకు అన్నాడు. చేపల బండికి రేసు చక్రమా అని వీధిలో నవ్వారు. నవ్వనీ. మొదటి రోజు దిగేటప్పుడు లివరు రాయిలా గట్టిగా ఉంది. రెండు వేళ్ళతో నొక్కితే చాలు, బస్తాతో సహా బండి చెప్పిన మాట విన్నది. మలుపు మలుపుకీ నా భుజాల బిగువు సడలింది. చాలా రోజుల తరవాత ఆ కొండ అందంగా ఉందని గమనించాను. అడుగుకి వచ్చేసరికి మా మామ బకెట్టుతో లేచాడు. కొత్తది వేశాను మావా, చూడు అన్నాను. చూశాడు. పెద్దగానే ఉంది అన్నాడు. అని, బకెట్టు కుమ్మరించాడు. బుస్సుమంది.

నాలుగైదు సంతలు గడిచాయి. ఆ తరవాత ఒక రోజు దిగుతుంటే వేలి కింద లివరు కొట్టుకోవడం మొదలుపెట్టింది. మొదట నమ్మలేదు. బండి ఆపి, చక్రం ఎత్తి తిప్పాను. షిర్. ఇంకో చుట్టు, షిర్. ఆ మిగతా దారంతా మొదటి గేరులో, గుండె చేత్తో పట్టుకుని దిగాను. బోరింగు దగ్గర ఆగలేదు. మా మామ బకెట్టు పట్టుకుని నా వెనక నాలుగడుగులు వేశాడు. నేను తిన్నగా ఉమాశంకర్ షెడ్డులోకి పోయి బండి స్టాండు వేసి, వంగదన్నావు గదా అని అరిచాను. షెడ్డులో ఉన్నవాళ్ళంతా చేతిలో పనులు ఆపేశారు.

ఉమాశంకర్ చక్రం తిప్పి చూశాడు. తరవాత నన్ను షెడ్డు బయటికి తీసుకెళ్ళి, నీ మామ దీని మీద కూడా నీళ్ళు పోస్తున్నాడా అని అడిగాడు. పొయ్యకేం, అందరికీ పోస్తాడుగా, ఘాటీ దిగిన ప్రతి బండికీ పోస్తాడుగా అన్నాను.

"అందరూ సల్లార్సుకోని ఎల్తారు, ఝాన్సీ," అన్నాడు. "నువ్వొక్కదానివే కాగిన సక్రంతో ఆయన దగ్గరికెల్తన్నావు."

అప్పుడు చెప్పాడు. కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే అది వంగుతుంది, లేకపోతే పగులుతుంది. ఎంత పెద్ద డిస్కయినా అంతే. ఈ ఘాటీ లారీల వాళ్ళందరికీ ఈ సంగతి తెలిసింది శివాజీ పోయాకే. శివాజీ లారీని లోయలోంచి తీసినప్పుడు వెనక డ్రమ్ము ముక్కలై ఉంది. తీసినవాళ్ళలో ఉమాశంకరూ ఉన్నాడు, ధనరాజూ ఉన్నాడు. ఆ ముక్కల్ని గోనెలో చుట్టి, మా మామ కంటా, ఇంట్లో ఎవరి కంటా పడకుండా మాయం చేశారు. గెడ్డ దగ్గర ఆ డ్రమ్ము మీద నీళ్ళు పోసింది ఎవరో వాళ్ళకి తెలుసు కాబట్టి. ఆయన బోరింగు దగ్గర కూర్చుని నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాక, వద్దని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అలాగని కాగిన డ్రమ్ముల మీద పోయించుకోలేరు. అందుకని పనస మలుపులో ఆగడం నేర్చుకున్నారు. అక్కడ బీడీ కాల్చుకుని, డ్రమ్ములు పూర్తిగా చల్లారాక అప్పుడు దిగి, ఆ ముసలాయన చేత తృప్తిగా నీళ్ళు పోయించుకుంటారు. కొత్తగా లైనుకి వచ్చిన ప్రతి డ్రైవరుకీ పాతవాళ్ళు ఈ మాట చెప్పి పెడతారు.

నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను ఎంత అరిచానో నాకు గుర్తు లేదు. ఉమాశంకర్‌కి గుర్తుండే ఉంటుంది. డిస్కులు వంగిన ప్రతిసారీ నా మొహం చూస్తూ, చిన్న డిస్కమ్మా, బరువమ్మా, ఘాటీ అమ్మా అన్నాడు గానీ నీళ్ళమ్మా అనలేదు. నా మోకాలు చూసి అయ్యయ్యో అన్నాడు. ఇంకో కొత్త డిస్కు తెప్పించి నువ్వే బిగించు అని చెప్పి వచ్చేశాను. సరే అన్నాడు.

ఇంటికి పోలేదు. అక్కడి నుంచి ఆటో ఎక్కి పనస మలుపుకి పోయాను. వరసగా లారీలు ఆగి ఉన్నాయి. పిట్టగోడ మీద ధనరాజూ, ఇంకొందరూ బీడీలు కాలుస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆ మలుపు దాటినప్పుడల్లా, సోమరిపోతులు, సరుకు వదిలేసి కబుర్లాడుతున్నారు అనుకునేదాన్ని. నన్ను చూడగానే ధనరాజ్ లేచి నిలబడ్డాడు. విషయం తెలిసిపోయిందని వాడికి నా మొహంలోనే కనబడి ఉంటుంది.

ఎందుకు చెప్పలేదని అడిగాను. తల గోక్కున్నాడు. ముసలాయనకి తెలిస్తే ప్రాణం నిలవదన్నాడు. నీకు చెబుదామని చాలాసార్లు అనుకున్నాం గానీ నీకు కోపమెక్కువ, నీ నోట్లో మాట ఆగదు, ఇంట్లో ఏదో తగువులో అనేస్తావని భయపడ్డాం అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు.

"నాను పడిన నాడు నన్ను లారీలో కూకోబెట్టుకోని ఇక్కడే ఆపేవు," అన్నాను. "నా కాలు కారతంది. నువ్వు బీడీ కాల్సుకుంటన్నావు. ఆయన మనసు ఇరిగిపోతాదని మీరందరూ కలిసి దాసేరు. మంచోళ్ళే. మరి నా మెడ ఇరిగితే ఎవడికి సెప్పుకుంటాను? బ్రేకు మీద కూకుంటానని ఇంట్లో అంటంటే ఒక్కడైనా నోరు తెరిసేడా?"

నిజానికి అప్పుడు నాకు వాళ్ళ మీద ఉన్నంత కోపం మా మామ మీద లేదు. ఆయన పాపం తెలియక చేశాడు. వీళ్ళు తెలిసి ఊరుకున్నారు. ఒక మగవాడి దుఃఖం చెదరకుండా ఇంతమంది మగవాళ్ళు ఇన్నేళ్ళు కాపు కాశారు, భేష్. అదే దారిలో రోజూ దిగే ఆడదాన్ని నోటిదురుసుదని లెక్కలోంచి తీసేశారు. అమ్మా, నీకు దండం పెడతాం, ఆయనకి మాత్రం చెప్పకు అని ధనరాజ్ చేతులు జోడించాడు. నేను ఏ మాటా ఇవ్వలేదు. నడుచుకుంటూ కొండ దిగాను.

చెబుతాననే అనుకున్నాను. కొత్త డిస్కు వచ్చి, బిగించి, మళ్ళీ సంతకి వెళ్ళేవరకూ రోజూ మనసులో ఆ మాటలే సిద్ధం చేసుకున్నాను. నా తోలడంలో తప్పు లేదని ఆయన నోటితోనే అనిపించాలి. నా చక్రం మీద ఇంకెప్పుడూ నీళ్ళు పడకూడదు. నాకు కావలసింది అంతే. దానికి ఆయన ఏమైపోతాడన్నది నాకెందుకు, నేను ఏమైపోతానన్నది ఎవరికైనా పట్టిందా?

ఆ రోజు సంత ముగించుకుని దిగాను. పనస మలుపులో లారీలు ఆగి ఉన్నాయి, నేను ఆగలేదు. నన్ను చూసి ధనరాజ్ బీడీ పడేసి లారీ ఎక్కడం అద్దంలో కనిపించింది. అడుగుకి వచ్చి బోరింగు దగ్గర బండి ఆపాను. మా మామ బకెట్టు నింపి ఉంచుకున్నాడు. పోయిన సారి ఆగకుండా పోయావేమని అడుగుతూ చక్రం దగ్గరికి వంగాడు. నేను బకెట్టు అంచు పట్టుకున్నాను.

"ఒద్దు మావా. పొయ్యొద్దు."

"ఏటే? ఎందుకొద్దు?"

"కాగిన డిస్కు మీద సన్నీలు పోస్తే వంగిపోతాది. అన్నీ అలగే వంగిపోనాయి. నాను పడింది అందుకే. బ్రేకు మీద ఏలేసుకోని కాదు."

ఆయన బకెట్టు వదల్లేదు, నేనూ వదల్లేదు. ఈలోపు ధనరాజ్ లారీ వచ్చి మా వెనక ఆగింది. వాడు దిగి, తలుపు పట్టుకుని నిలబడి నా వైపే చూస్తున్నాడు. టీ బడ్డీ దగ్గరున్న ఇద్దరు డ్రైవర్లు గ్లాసులు కింద పెట్టారు. మా మామ డిస్కు వైపు చూశాడు, దాని మీద నుంచి వేడి అలలుగా లేస్తోంది. తరవాత నా మోకాలి వైపు చూశాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి డ్రమ్మో?"

ఆ మాట నేను సిద్ధం చేసుకున్న వాటిలో లేదు. ఆయనంతట ఆయన అడుగుతాడని నేను అనుకోలేదు. డ్రమ్ము వేరు మావా, డ్రమ్ముకి ఏమీ కాదు అంటే అయిపోతుంది. డ్రమ్మూ అంతే అంటే అదీ అయిపోతుంది. ఎవరి మొహం మీదైనా ఏ మాటైనా అనగలిగిన నాకు ఆ రెంటిలో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"నీలు పెట్టి మీద పొయ్యి," అన్నాను. "పొద్దున్నించి కంపు కొడతంది."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, సరేనన్నాడు. అల్లం బస్తా దింపి, చేపల పెట్టె మూత తీసి, ఆ బకెట్టు అందులో కుమ్మరించాడు. ఇంకో బకెట్టు కొట్టి తెచ్చాడు. ఎక్కడి నుంచో కొబ్బరి పీచు తెచ్చి మూలమూలలా తోమాడు. పొలుసులు గోటితో గీకాడు. నేను బోరింగు పట్టుకుని నిలబడ్డాను. అంత శుభ్రంగా ఆ పెట్టెని నేను ఎప్పుడూ కడగలేదు. కడగడం అయ్యాక మూత పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, తిన్నగా ధనరాజ్ లారీ దగ్గరికి నడిచాడు. వంగి వెనక చక్రంలోకి చెయ్యి పెట్టి, డ్రమ్ముకి అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి అలాగే ఉంచాడు.

"ఎక్కడరా సల్లార్సుకోని వస్తన్నారు?" అని అడిగాడు.

ధనరాజ్ తల ఎత్తలేదు. పనస మలుపులో అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని మా మామ అడగలేదు. చెయ్యి బయటికి తీసుకుని, దాని వైపు చూసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. బస్తా ఎత్తి పెట్టె మీద పెట్టి తాడు బిగించాడు. బిగిస్తూనే, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"నీకు కోపమెక్కువ గానీ అబద్దం ఆడవు. అందుకే నిన్నడిగేను. ఈ డ్రైవర్లనెప్పుడూ అడగలేదు."

బకెట్టు బోరింగు దగ్గరే బోర్లించి, బండి ఎక్కకుండా, ఇంటి వైపు నడిచిపోయాడు. ఎక్కమని పిలిచాను, చెయ్యి ఊపాడు. ధనరాజ్ ఏడుస్తున్నాడు. ఏడవనీ అనుకున్నాను. ఆ ఏడుపు మీద కూడా నాకు కోపమే వచ్చింది.

ఇంట్లో ఆయన అన్నం ముట్టలేదు. ఏం చెప్పావే ఆయనకి అని మా అత్త నా మీద పడింది. ఏమీ చెప్పలేదన్నాను. అది నిజం, అయినా దొంగలా అనిపించింది. సాయంత్రం మా ఆయన ఫోను చేసినప్పుడు మా మామ ఫోను తీసుకుని, దాని తోలడంలో తప్పు లేదురా, చక్రాన్ని నేనే చెడగొట్టాను అన్నాడు. నేను కోరుకున్న మాట అదే. వినబడగానే లేచి పెరట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మరుసటి సంత రోజు తెల్లవారకముందే ఆయన ఇంట్లో లేడు. ఎక్కేటప్పుడు చూస్తే బోరింగు దగ్గరా లేడు, బకెట్టు బోర్లించినట్టే ఉంది. పైన దట్టంగా మంచు, మలుపుల్లో ఎవరున్నదీ కనబడలేదు. ఆ రోజు నేను చేపలు ఏ ధరకి అమ్మానో నాకే తెలియదు. గబగబా సర్దుకుని దిగడం మొదలుపెట్టాను. ప్రతి మలుపు దగ్గరా పిట్టగోడ అవతలికి చూస్తూ దిగాను.

ఆయన పనస మలుపులో ఉన్నాడు. పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఏమీ లేదు. అప్పుడే వచ్చిన లారీకి లేచి అడ్డంగా చెయ్యి చాపాడు. అది ఆగింది. డ్రైవరు కొత్త కుర్రాడు, ఎందుకు ఆపావు తాతా అంటున్నాడు. డ్రమ్ములు చల్లారేదాకా కదలొద్దు, నీళ్ళు పొయ్యొద్దు, ఎవరైనా పోస్తానన్నా పోయనివ్వొద్దు అని ఈయన వాడికి చెబుతున్నాడు. ఎందుకని వాడు అడిగాడు. పగులుతాయి అన్నాడు మా మామ. నా కొడుకు డ్రమ్ము అలాగే పగిలింది, నేనే పోశాను అన్నాడు. వాడు దిగి చక్రాలకి రాళ్ళు పెట్టాడు.

నేను లివరు నొక్కాను. బండి ఆయన కాళ్ళ ముందు ఒక్క జానెడు కూడా అటూ ఇటూ కాకుండా ఆగింది. ఆయన నా ముందు చక్రం దగ్గర కూర్చుని, తాకకుండా, డిస్కుకి కాస్త దూరంగా అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఇంకా కాక ఉంది," అన్నాడు. "ఉండు. సల్లారనీ."

కొత్త డిస్కుకి అంతసేపు అక్కర్లేదని ఉమాశంకర్ చెప్పాడు. గాలికి అదే చల్లారుతుంది, ఆగకుండా పోవచ్చు. పెట్టెలో మిగిలిన చేప ఉంది, ఐసు కరిగిపోతోంది. ఆ మాటలన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. బండికి స్టాండు వేసి, వెళ్ళి ఆయన పక్కన పిట్టగోడ మీద కూర్చున్నాను. ఇంక ఎల్లు అని ఆయన అనేవరకూ లేవలేదు.